మూతిగుడ్డ మాటున మన బిడ్డలు



గతమాసమున మాకు వచ్చిన జాబులలో నొకదానిని ఎదుట పెట్టుకొని యీ నెల ముచ్చటను ప్రారంభించుచున్నాము. వ్రాసిన సోదరి తన పేరు ప్రకటింపవలదని కోరినది. ఆమె కుమారుడు తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. వానలకు జలుబులు, జ్వరములు ప్రబలగా, దగ్గుచున్న పిల్లలు తరగతిలో మాస్కు ధరింపవలెనని ఆ పాఠశాలవారు ఇంటింటికి చీటీ పంపిరట. అంతటితో తల్లిదండ్రులలో రెండు పక్షము లేర్పడినవి. “ఆ పీడ మరల మాకెందుకు?” అని కొందరు. “దగ్గుచున్నవానిని మా పిల్లవాని పక్కన ఊరకే కూర్చుండబెట్టెదరా?” అని మరికొందరు. పిల్లవాడు మాత్రము తల్లి యిచ్చిన మాస్కును పుస్తకముల సంచి యడుగున దాచి, ఇంటికి వచ్చునప్పుడు వీథిమలుపున తీసి తగిలించుకొనుచున్నాడు. “బలవంతపెట్టుదునా, చూచియు చూడనట్లుందునా?” అని ఆమె ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు క్రొత్తది కాదు. మావారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. కావున 2020వ సంవత్సరము మొదలు 2022 వరకు బడికి చేరవలసిన తగవులు మొదట మా యింటి యరుగు మీదికే వచ్చుచుండెడివి. మా యూరి పెద్దమ్మలు మాస్కును మూతిగుడ్డ యందురు. ఆ జానెడు గుడ్డను గూర్చి మేము విన్నన్ని మాటలు మరి దేనిని గూర్చియు వినలేదు.

2020 మార్చిలో మూతపడిన బడులు మన ఆంధ్రప్రదేశమున ఆ యేటి నవంబరు 2వ తేదీన 9, 10 తరగతుల పిల్లలకు మరల తెరువబడినవి. తెలంగాణమున 2021 ఫిబ్రవరి 1వ తేదీన 9వ తరగతి మొదలు పై తరగతులు ఆరంభమైనవి. కేంద్ర ప్రభుత్వమువారి నియమములలో ముఖ్యమైనవి మూడు. బిడ్డను పంపుటకు తల్లిదండ్రులు వ్రాతపూర్వకముగా సమ్మతింపవలెను. పిల్లలకు నడుమ ఆరడుగుల యెడ ముండవలెను. అందరును ముక్కును నోటిని కప్పుకొనవలెను. అంగీకారపత్రములు మావారి చేతికి వచ్చినవి. వాటితోపాటు తల్లిదండ్రులును వచ్చిరి.

మొదట వచ్చిన యామె కుట్టుపని చేయునది. 2020 వేసవిలో మన యూళ్ల స్వయంసహాయక సంఘముల స్త్రీలు మాస్కులు కుట్టిన సంగతి మీ రెరుగుదురు. ఆమెయు వారిలో నొకతె. “నేను కుట్టిన గుడ్డ నా కొడుకు మూతికి బరువా? ఏది కట్టుమన్న అది కట్టుకొనును, బడి మాత్రము తెరువుడు. ఎనిమిది నెలలుగా ఇంటనుండి కూలికి పోవుచున్నాడు. డబ్బు రుచి యెరిగిన చేయి మరల పుస్తకము పట్టునా?” అని ఆమె మాట.

రెండవ యామెకు ఊపిరి భయము. “అయిదారు గంటలు ముక్కు మూసికొనిన పిల్ల సొమ్మసిల్లదా? వదలిన గాలినే మరల పీల్చవలెను గదా!” అని ఆమె మమ్ము నిలదీసెను.

మూడవవారు కిరాణా దుకాణము నడుపుకొను తండ్రి. “ఉదయమంతయు మూతి కట్టుకొందురు. మధ్యాహ్నము మూతులు విప్పి పక్కపక్కన కూర్చుండి అన్నము తిందురు. రోగమునకు కూడ భోజనవిరామ మున్నదా, మాస్టారూ?” అని యడిగెను. మావారు నవ్విరి గాని వెంటనే సమాధానము చెప్పలేకపోయిరి.

నాలుగవ యామె ఏమియు ననలేదు. ఆమె భర్త ఆ శ్రావణములోనే ఆ వ్యాధితో గతించెను. ఆమె పత్రమును మడిచి, సంతకము పెట్టకయే కొంగున ముడివేసికొని వెడలిపోయెను.

ఈ నలుగురిలో నెవరు తెలివితక్కువవారు? మాకు ఒక్కరును కనబడలేదు. బిడ్డ చదువు చెడునని యొకరు, ఊపిరి యాడదని యొకరు, బడి నియమము కంటితుడుపని యొకరు, ఉన్న ఒక్క దిక్కును పోగొట్టుకొందునేమోయని యొకరు భయపడిరి. మొండివారని కొందరిని, పిరికివారని కొందరిని ఆనాడు మేమును అంటిమి. ఇప్పుడు తలచికొనిన సిగ్గగుచున్నది.

ఇక వారి మాటలలో నిజమెంతయో చూతము. ఊపిరి మాట: ప్రాణవాయువు మిక్కిలి సూక్ష్మమైనది. గుడ్డనేతలోని సందులు దానికి సింహద్వారములవంటివి. శస్త్రచికిత్స చేయు వైద్యులు గంటలకొలది మాస్కు ధరించియే పని చేయుదురు. కావున పాఠము వినుచు కూర్చుండిన ఆరోగ్యవంతుడైన బాలునికి ప్రాణవాయువు తగ్గునన్న భయము లేదు. కాని చెమటతో తడిసిన గుడ్డ ముఖమునకు అంటుకొనిన ఉక్కిరిబిక్కిరిగా నుండుట నిజమే. మన యెండలు, పంకాలు లేని మన గదులు ఎరిగిన వా రెవరును దానిని కాదనరు. పరుగెత్తునప్పుడు, ఆడునప్పుడు మాస్కు వలదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారే చెప్పియున్నారు.

భోజనము మాట: గొడుగు పట్టినను పాదములు తడియును. అంతమాత్రమున గొడుగును మడిచి తల కూడ తడుపుకొందుమా? ఈ వ్యాధి దగ్గుతోను, మాటతోను, ఊపిరితోను వెలువడు తుంపరలవలనను, గాలిలో తేలు సన్నని కణములవలనను వ్యాపించును. మూసిన గదిలో ఎంతసేపు కలసియుండిన అంత ముప్పు. అరగంట భోజనమును చెట్టుక్రింద ఎడమెడముగా కూర్చుండి చేసినచో ఆ కొంత ముప్పును కూడ తగ్గించుకొనవచ్చును. దుకాణదారుని ప్రశ్న తరువాత మావారు చేసిన పని యిదియే. పిల్లల పళ్లెములు వరండానుండి వేపచెట్టు క్రిందికి మారినవి. కావున ఆక్షేపించిన తండ్రివలన మేలే జరిగినది.

వయస్సు మాట: 2020 ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థయు యునిసెఫ్ సంస్థయు కలిసి యొక మార్గము చూపినవి. అయిదేండ్లలోపు శిశువులకు మాస్కు అక్కరలేదు. ఆరు మొదలు పదునొకండేండ్ల వరకు పరిస్థితిని, పిల్లవాని శక్తిని బట్టి నిర్ణయింపవలెను. పండ్రెండు నిండినవారు పెద్దలవలెనే ధరింపవలెను. 2022 జనవరిలో మన కేంద్ర ప్రభుత్వమువారును ఇట్లే చెప్పిరి. తగవంతయు ఉన్నత పాఠశాలల పిల్లల చుట్టును తిరుగుటకు ఇదియొక కారణము.

మాస్కు కాపాడునా యందురేని, కొంత కాపాడును. బంగ్లాదేశమున 2020 నవంబరు మొదలు 2021 ఏప్రిలు వరకు సుమారు 600 గ్రామములలో పెద్ద పరీక్ష జరిగినది. కొన్ని గ్రామములలో మాస్కులు పంచి, ధరించు విధము బోధింపగా, అచ్చట ధరించువారు నూటికి 13మంది నుండి 42మందికి పెరిగిరి. లక్షణములతో కూడిన వ్యాధి సుమారు 9 శాతము తగ్గినది. అయితే ఆ పరీక్ష పెద్దవారిని గూర్చినది, తరగతిగదిని గూర్చినది కాదు. మాస్కు తాయెత్తు కాదు, ఉరిత్రాడును కాదు. అదియొక సాధనము. తగినవిధముగ వాడిన కొంత మేలు చేయును.

దానివలన నష్టమే లేదనుటయు సత్యము కాదు. ఇంగ్లండు దేశమున 2021 మార్చి 8 మొదలు మే 17 వరకు ఉన్నత పాఠశాలల పిల్లలు తరగతులలో మాస్కు ధరించిరి. ఆ యేప్రిలులో అచ్చటి విద్యాశాఖవారు విచారింపగా, నూటికి 94మంది ఉపాధ్యాయులును పాఠశాలాధికారులును మాస్కువలన పిల్లలతో సంభాషణ కష్టమైనదని చెప్పిరి. ఆ కష్టము మా బడిలోని యొక బాలిక విషయమున ఎట్లు పరిణమించెనో వినుడు.

ఆ బాలిక ఎనిమిదవ తరగతి వరకు ముందువరుసలో కూర్చుండి చక్కగా చదివినది. బడి తెరచిన తరువాత ఏమడిగినను తెల్లబోయి చూచుచుండెను. ఇంటనుండి బద్ధకము మరగినదని మావారు తలచిరి. రెండుమార్లు అందరి యెదుట మందలించిరి. పిల్ల బడి మానివేసెను. అప్పుడు తల్లి వచ్చి, “చిన్ననాడు దీనికి చెవులలో చీము కారెడిది. తగ్గినదని యనుకొంటిమి” అని చెప్పెను. పరీక్ష చేయింపగా రెండు చెవులును మందమని తేలినది. ఇన్నేండ్లును ఆ పిల్ల పాఠమును చెవులతో వినుటలేదు, పంతులుగారి పెదవులను చూచి గ్రహించుచున్నది. పెదవులు గుడ్డమాటున పడగానే పాఠమంతయు ఆమెకు మూగవోయినది. మావారు ఆ రాత్రి అన్నము సరిగా తినలేదు. మరునాడు తామే వారి యింటికి పోయి పిల్లను పిలిచికొని వచ్చిరి. నాటినుండి ప్రతిపాఠము సారాంశమును నల్లబల్లపై వ్రాసి చూపుట అలవాటు చేసికొనిరి. కొంతకాలమునకు వినికిడి యంత్రమును దొరకినది. వైకల్యముగల పిల్లలపై మాస్కును నిర్బంధముగ రుద్దరాదని 2020 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సంస్థల సూచనలలోనే యున్నది. మేమెవ్వరమును అంతవరకు చదువలేదు.

విదేశములందును తల్లిదండ్రు లిట్లే చీలిపోయిరి. మా బంధువులలో నొక కుటుంబము అమెరికాలోని టెక్సాసులోను, మరియొకటి కాలిఫోర్నియాలోను ఉన్నవి. 2021 జూన్ 4 తరువాత ప్రభుత్వపాఠశాలలు ఏ పిల్లవానిని మాస్కు ధరింపుమని నిర్బంధింపరాదని టెక్సాసు గవర్నరుగారు ఆజ్ఞాపించిరి. కొన్ని పట్టణముల బడులవారు న్యాయస్థానమునకు పోయి ఆ యాజ్ఞను ఎదిరించిరి. కాలిఫోర్నియాలో 2022 మార్చి 11 వరకు తరగతిలో మాస్కు తప్పనిసరి. అక్కచెల్లెండ్ర బిడ్డలే యొకచోట ముఖము తెరచుకొని, ఒకచోట మూసికొని యొకే లెక్కలు నేర్చిరి. అక్కచెల్లెండ్రు మాత్రము కొన్నాళ్లు ఒకరితో నొకరు మాటలాడలేదు. ఇరువురును “పిల్లల కొరకే” యనిరి. పిల్లలు తమలో తాము ఏమనుకొనుచున్నారో అడిగితిరా యని మేము ఫోనులో ప్రశ్నింపగా ఇరువురును ఊరకుండిరి.

వారిని ప్రశ్నించుటకు మాకేమి యధికారము? మా యింట జరిగినది చెప్పిన మీకే తెలియును.

2020లో బడి తెరచినప్పుడు మా పెద్దమ్మాయి తొమ్మిదవ తరగతి. మా యత్తగారికి మధుమేహము, ఆయాసము. పిల్ల జాగ్రత్తగా నుండవలెనని మేము ప్రతి యుదయము మాస్కు చేతికిచ్చి, “దీనిని తీసితివా, మామ్మకు నీవే ముప్పు తెచ్చినదాన వగుదువు సుమా!” అని హెచ్చరించెడివారము. ఆ మాట చక్కగా పనిచేసినది. పిల్ల కిమ్మనక ధరించెడిది. తోటి తల్లులకు మా నేర్పును చెప్పుకొని పొంగిపోయితిమి.

2021 ఏప్రిలు 20వ తేదీన తొమ్మిదవ తరగతి వరకు బడులు మరల మూయబడినవి. మే మాసమున మా యత్తగారు జ్వరపడిరి. ఆస్పత్రిలో పండ్రెండవ దినమున కన్నుమూసిరి. ఆ యేటి ఆగస్టు 16న బడులు తెరువగా అమ్మాయి పదవ తరగతిలో చేరెను. ఎవరును చెప్పకయే మాస్కు ధరించెను. 2022 జనవరి 3 మొదలు 15 ఏండ్లు నిండిన పిల్లలకు హైదరాబాదులో తయారైన కోవాగ్జిను టీకా వేయుచుండగా తానును వేయించుకొనెను. మార్చి చివరకు ఆంక్షలు తొలగినవి. తోటిపిల్లలు మాస్కులు తీసివేసిరి. మా పిల్ల తీయలేదు. బడిలోనే కాదు, ఇంట తాతగారున్న గదిలోనికి పోవునప్పుడును తీయలేదు. అన్నము వంటగదిలో ఒక మూల ఒంటరిగా తినెడిది. పరీక్షల తొందర యనుకొంటిమి. బుద్ధిమంతురాలని మెచ్చుకొంటిమి కూడ!

పరీక్షలైన తరువాత ఒకనాటి రాత్రి తలదువ్వుచు, “ఇక నది యెందుకే తల్లీ?” అని యడిగితిమి. చాలసేపు పలుకలేదు. పిదప, “అమ్మా, బడి మూయుటకు ముందునాడు నేను మాస్కు తీసి స్నేహితురాలితో జామకాయ పంచుకొని తింటిని. తరువాత నాకు కొంచెము జలుబు చేసినది. మామ్మకు నేనే తెచ్చితిని. తాతయ్య యొక్కడే మిగిలెను గదా” అనెను.

ఉప్పుకారము అద్దిన జామకాయముక్క యొకటి! దానిని ఏడాదికి పైగా ఆ పిల్ల గుండెలో మోసినది. మోయించినది మా మాటయే. ఆ యేప్రిలులోనే మేమిరువురము బంధువుల యింట పెండ్లికి పోయి, పంక్తిలో కూర్చుండి భోజనము చేసి వచ్చితిమి. మావారు ప్రతిదినము బడికి పోయిరి. పాలవాడు వచ్చెను, కూరలు వచ్చెను, చుట్టములు వచ్చిరి. ఎవరివలన వచ్చినదో దైవమున కెరుక. అయినను పెద్దల మెవరమును ఆ భారమును మా నెత్తిని వేసికొనలేదు. పదునైదేండ్ల పిల్ల వేసికొన్నది. మావారు ఆ రాత్రియే పెండ్లి సంగతి, బడి సంగతి యన్నియు దాని కెదుట లెక్కవేసి చెప్పిరి. మేము క్షమింపుమని యడిగితిమి. తల్లి బిడ్డను క్షమాపణ కోరుట మన యిండ్లలో వాడుక కాదు. కాని కోరితిమి.

మాస్కు ఆ రాత్రియే ఊడిరాలేదు. కొన్నాళ్లకు మా మామగారు భాగవతము చదివి వినిపింపుమని దానిని పిలిచిరి. పిల్ల గడపయొద్ద కూర్చుండి చదువ నారంభించెను. “వినబడుటలేదు తల్లీ, దగ్గరకు వచ్చి నోరు తెరచి చదువుము” అని ఆయన యనిరి. రెండుమూడు మార్లు అట్లనిన పిదప దగ్గరకు జరిగినది. అప్పుడు తీసినది.

అందుచేత మేము చెప్పదలచినది మాస్కు మంచిదా చెడ్డదా యన్నది కాదు. వ్యాధి తీవ్రతను బట్టి వైద్యులును బడివారును దానిని నిర్ణయింతురు. ఆ నియమమును బిడ్డకు ఏ మాటతో చెప్పుదుమన్నది మాత్రము తల్లి చేతిలోనిది. పదునారేండ్లు వచ్చిన బిడ్డను స్నేహితునివలె చూడుమని మన పెద్దలనిరి. స్నేహితునకు కారణము చెప్పుదుము, ఎదుటివారి చావును అతని నెత్తిన పెట్టి బెదరింపము. మన్ను తింటివాయని యడిగి, బిడ్డ మాట విని, ఆ పిదప నోటిలోనికి చూచిన యశోద మనకు తెలిసినదే. మనము నోరు మూయుటయో తెరచుటయో యని తగవులాడితిమి గాని, అడుగుట మరచితిమి.

జాబు వ్రాసిన సోదరికి మా సలహా యిది. ముందు అబ్బాయిని అడుగుడు. తోటివారు వెక్కిరించుచున్నారేమో, ఊపిరి సలుపుటలేదేమో, పంతులుగారి మాట వినబడుటలేదేమో. కొందరు పిల్లలు తద్విరుద్ధముగ మొటిమలనో, ఎత్తుపండ్లనో, క్రొత్తమీసములనో దాచుకొనుటకు మాస్కును వదలరు. ఆ వయస్సున ముఖమే యొక పెద్ద చిక్కు. కారణము తెలిసిన సగము పని యైనట్లే. జ్వరమున్ననాడు బడికి పంపకుడు. అది ఏ మాస్కుకన్న మేలు. జ్వరము లేక దగ్గు మాత్రమున్నచో, పక్కనున్నవాని యింట కూడ ఒక ముసలి తాత యుండవచ్చునని నెమ్మదిగా చెప్పుడు. అది బెదరింపు కాదు, మర్యాద. ముక్కును గడ్డమును సరిగా కప్పునవి ఉతికినవి రెండు మూడు సంచిలో నుంచుడు. తడిసినదానిని మార్చుకొనవలెను, ఒకరిది మరొకరు వాడరాదు. గుడ్డవైనచో సబ్బుతో నుతికి యెండలో ఆరవేయుడు. ఉబ్బసమో చెవుడో ఉన్నచో పంతులుగారికి ముందే తెలుపుడు. తల్లిదండ్రుల సభలో మాస్కును గూర్చి పోరాడుటకు బదులు తరగతి కిటికీలు తెరచుచున్నారా యని యడుగుడు. ఇరుపక్షముల వారును దానికి సమ్మతింతురు.

2023 మే 5వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఆ వ్యాధి విషయమైన అత్యవసరస్థితి ముగిసినదని ప్రకటించిరి. నాటి కఠినత్వము నేడు అక్కరలేదు. నాడు పిల్లల మనస్సులలో మన మాటలు వేసిన ముడులు మాత్రము అన్నియు విడినవో లేదో. ఈ రాత్రి తలదువ్వునప్పుడో, అన్నము వడ్డించునప్పుడో మీ బిడ్డను ఒకమారు అడిగి చూడుడు.

పత్రము కొంగున ముడివేసికొని పోయిన సోదరిని మీరు మరచియుండరు. 2021 సంక్రాంతి వెళ్లిన తరువాత ఆమె వచ్చి, “మా యమ్మాయే పోవుదునని యడిగినది. కిటికీ పక్కన కూర్చుండబెట్టుడు” అని చెప్పి, ఆ మడతలు పడిన పత్రము మీదనే సంతకము పెట్టెను. మావారు అట్లే కూర్చుండబెట్టిరి.

మీ జాబులకై ఎదురుచూచుచుందుము. మీ యింటిల్లిపాదికి ఆరోగ్యము చేకూరుగాక!